ప్రామాణిక చూపు

ఓగ్లింగ్ అనే ఇంగ్లీషు మాట మా తూనికలు కొలతల ఆఫీసుకు ఒక సోమవారం టపాలో వచ్చింది. అంతకు ముందు ఆ పని మా ఆఫీసులో లేదని కాదు. పుష్కలంగా ఉండేది. పేరే లేదు.

ఇకమీదట ఉద్యోగులెవరూ ఆఫీసు వేళల్లో ఓగ్లింగ్ చేయరాదనీ, చేస్తే కఠిన చర్య తప్పదనీ హెడ్డాఫీసు వాళ్ళు సర్క్యులరు పంపారు. చేయరానిది ఏమిటో మాత్రం రాయలేదు. ఎందుకు రాస్తారు? అందరికీ అర్థమైపోతే దాన్ని సర్క్యులరు అని ఎవరంటారు?

నేను డిక్షనరీ తీశాను. ఎదుటి మనిషికి ఇబ్బందిగా ఉన్నా పట్టించుకోకుండా, ఆశపడుతూ, అదేపనిగా చూడటం అని ఉంది. చదివి తల ఎత్తాను. లైసెన్సుల సీటులో ఉన్న సీనియర్ అసిస్టెంటు కనకలింగం గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, ఎదుటి సీటులో ఉన్న హైమావతి వైపు చూస్తున్నాడు. ఆ మాట పక్కన బొమ్మ వేయాలంటే వేరే మనిషిని వెతుక్కోనక్కర్లేదు.

హైమావతి కూర్చునే సీటుకు మా ఆఫీసులో ఒక పేరుంది. అందులో ఆడమనిషి నిలవదని. ఆమెకు ముందున్నావిడ కాళ్ళావేళ్ళా పడి ఎక్కడో కొండల్లోకి బదిలీ చేయించుకుంది. అంతకు ముందావిడ సెలవు మీద సెలవు పెట్టి, చివరికి ఉద్యోగమే వదిలేసింది. సీటుకు వాస్తు బాగాలేదని అందరూ తేల్చారు. బీరువా ఈశాన్యం నుంచి నైరుతికి జరిపారు. ఎదుటి సీటు సంగతి ఒక్కడూ ఎత్తలేదు. ఎత్తనివాళ్ళలో నేనూ ఉన్నాను, దాచుకోవడం ఎందుకు.

హైమావతికి ఈ ఊరు వదిలే వీలు లేదు. కూతురి బడి మా ఆఫీసు వెనక వీధిలోనే. మొగుడు లారీ మీద వెళితే ఎప్పుడొస్తాడో తెలీదు. బడి గంట కొట్టగానే పిల్ల ఒక్కతే నడిచొచ్చి అమ్మ పక్కన కూర్చుని ఎక్కాలు రాసుకుంటుంది. ఈ సీటు పోతే ఆమెకు ఇల్లూ పిల్లా రెండూ చెదిరిపోతాయి. అందుకని ఓర్చుకుంది. బల్ల మీద ఫైళ్ళు గోడలా పేర్చుకుంది. కనకలింగం కుర్చీ పక్కకు జరుపుకున్నాడు. ఈవిడ గోడ పొడిగించింది. ఆయన కుర్చీలో దిండు వేసుకుని ఎత్తయ్యాడు. మధ్యాహ్నం భోజనం మాత్రం ఆ చూపు కింద గొంతు దిగక, క్యారేజీ పట్టుకుని స్టోరు గదిలో తుప్పు పట్టిన కాటాల మధ్య కూర్చుని తినేది.

ఒకసారి మొహం మీదే అడిగేసింది.

"ఎందుకండీ అట్టా చూస్తారు?"

"నిన్నెవరు చూశారు? నీ నెత్తిన గడియారం ఉంది, టైము చూసుకుంటున్నా. అయినా చూస్తే అరిగిపోతావా ఏంటి?" అన్నాడు.

ఆమె స్టూలెక్కి గడియారం తీసి ఎదుటి గోడకు తగిలించింది. ఆయన చూపు మాత్రం పాతచోటే ఉండిపోయింది. "అలవాటైపోయిందమ్మాయ్, ఏం చేస్తాం," అన్నాడు.

అలాంటి సమయంలో ఈ సర్క్యులరు వచ్చింది. హైమావతి మొహం వెలిగిపోయింది. ఆ పూటే ఫిర్యాదు రాసి, తోడు రమ్మని నన్నూ లాక్కుని, అసిస్టెంట్ కంట్రోలరు భుజంగరావుగారి గదిలోకి వెళ్ళింది.

భుజంగరావుగారు ఇంట్లో ఎలా మాట్లాడతారో నాకు తెలియదు. ఆఫీసులో మాత్రం ఆయన ఏ పనీ స్వయంగా చేయరు. అన్నీ చేయబడుతుంటాయి.

"మీ ఫిర్యాదు చదవబడింది. అయితే ఇందులో పరిమాణం పేర్కొనబడలేదు," అన్నారు.

"పరిమాణం ఏంటండీ?"

"ఎంత చూడబడ్డారు?"

"పొద్దుట్నించి సాయంత్రం దాకా చూస్తాడండీ. గుడ్లప్పగించి."

"గుడ్లప్పగించుట సర్క్యులరులో లేదు. ఓగ్లింగ్ ఉంది. రెండూ ఒకటేనని ఎవరిచేత నిర్ధారించబడింది? తెలుగులో తేరిపార చూచుట కలదు, ఎగాదిగా చూచుట కలదు, కొరకొరా, మిర్రిమిర్రి కలవు. వీటిలో నిషిద్ధమైనది ఏది?"

"పేరేదైతే ఏంటి సార్. చూపుల్తోనే తినేస్తాడు. ఒళ్ళంతా కంపరమెత్తిపోద్ది."

"కంపరం కొలవగల కాటా మన శాఖలో లేదమ్మా," అన్నారు ఆయన, ఎంతో బాధగా.

బయటివాళ్ళకు ఇది వెటకారంలా ఉంటుంది. కాదు. మా శాఖ లోకాన్ని చూసే పద్ధతే అంత. కిలో అంటే ఎంత? మా గాజు బీరువాలో వెల్వెట్ గుడ్డ మీద కూర్చున్న ఇత్తడి రాయి అంత. మీటరంటే ఎంత? దాని పక్కనే పడుకున్న కడ్డీ అంత. బీరువాలో నమూనా లేనిది లోకంలో ఉన్నా మాకు లేనట్టే. ఓగ్లింగుకు నమూనా లేదు కనుక ముందు దాన్ని తయారు చేయాలని భుజంగరావుగారు నిశ్చయించారు. కమిటీ వేయబడింది. ఆయన అధ్యక్షులు. గాజు బీరువా తాళంచెవి మొలతాడుకు కట్టుకుని తిరిగే ఇన్‌స్పెక్టరు తాతారావు సభ్యుడు. మినిట్సు రాయడానికి నేను. ఆడవాళ్ళు ఒకరైనా ఉండాలేమోనని నేను నసిగితే, ఆఫీసులో ఉన్న ఏకైక మహిళ ఫిర్యాదుదారేననీ, ఆమెకు ఈ విషయంలో స్వప్రయోజనం కలదనీ సెలవిచ్చారు.

కమిటీ గదిలో ఒక చీరల కొట్టు క్యాలెండరు తగిలించారు. పట్టుచీర కట్టుకున్న ఒక అమ్మాయి నవ్వుతూ ఉంది. ఆమె వైపు ఓగ్లింగ్ చేసి చూపించి, దాన్నే నమూనాగా స్వీకరించాలని ఏర్పాటు.

ముందు తాతారావు నిలబడ్డాడు. కళ్ళు పెద్దవి చేశాడు. స్కూటరు తాళం ఎక్కడ పెట్టానా అని ఆలోచించేవాడిలా ఉన్నాడు తప్ప ఇంకేం లేదు. తరువాత భుజంగరావుగారు చూశారు. ఆయన చూపుకి క్యాలెండరు అమ్మాయి ఏదో లెక్క తప్పు రాసి దొరికిపోయినట్టు కనబడింది. నా వంతు వచ్చింది. నాకు ఒక కంట్లో శుక్లం. ఆ అమ్మాయే నన్ను చూసి జాలిపడింది.

"నిపుణుడి అవసరం గుర్తించబడుతున్నది," అన్నారు అధ్యక్షులు, చెమట తుడుచుకుంటూ.

ఆఫీసులో నిపుణుడు ఒక్కడే. కనకలింగాన్ని పిలిచారు. శిక్ష వేస్తారేమోనని పాపం వణుకుతూనే వచ్చాడు. సంగతి తెలిశాక తేరుకుని, కుర్చీ లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టి, పెదవి చివర చిన్న నవ్వు పెట్టి చూపు సారించాడు. రెప్ప వేయడు. కంగారు పడడు. కింద అంచు దగ్గర మొదలుపెట్టి అంగుళం అంగుళం పైకి తెచ్చాడు. క్యాలెండరు అటు తిరిగిపోయింది. అది ఫ్యాను గాలేనని తాతారావు అంటాడు. నాకు నమ్మకం లేదు.

"ఇది కదా!" అన్నారు భుజంగరావుగారు. ఆయన నోట ఫైలు భాష కాని మాట వినడం నాకు అదే మొదలు.

కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. కనకలింగం చూపే ప్రామాణిక చూపు. ఇకపై ఎవరి చూపునైనా దాని పక్కన పెట్టి పోల్చాలి. దాన్ని మించితే ఓగ్లింగ్. మించకపోతే మామూలు చూపు.

"మరి హైమావతి ఫిర్యాదు సంగతండీ?" అన్నాను.

"కొట్టివేయబడింది. కిలో రాయి కిలో కంటే ఎక్కువ ఎట్లు తూగును? కనకలింగం చూపు కనకలింగం చూపును మించుట అసంభవం."

తిరుగులేని తర్కం. అంత తర్కం విన్నాక నాకు మంచినీళ్ళు కావాల్సి వచ్చాయి.

అక్కడి నుంచి కనకలింగం దశ తిరిగింది. ఏ ప్రామాణిక పరికరానికైనా సీలు ఉండాలి కాబట్టి, ఆయన కళ్ళజోడు కాడకు తీగ కట్టి సీసం సీలు వేశారు. కళ్ళజోడు తీయాలంటే తాతారావు వచ్చి సీలు విప్పాలి. మొదటి రాత్రి అలాగే పడుకున్నాడట. తేమ తగలకూడదని ఆయన సీటు దగ్గర గొడుగు పెట్టారు, దుమ్ము పడకూడదని పూటపూటా దులిపారు. పక్క ఆఫీసుల వాళ్ళు తమ దగ్గర అనుమానాస్పదంగా చూసేవాళ్ళను ఆటోలో వేసుకుని పోల్చి చూడటానికి తెచ్చేవారు. ఒక మార్కెట్ గుమాస్తా చూపు కొంచెం తక్కువ తూగిందని ధ్రువపత్రం ఇచ్చి పంపేశాం. అతను చిన్నబుచ్చుకుని వెళ్ళాడు. ఒక ఆఫీసు వాళ్ళైతే కనకలింగాన్ని పిలిపించుకుని శాలువా కప్పారు.

ఇంతలో హైమావతి పరిస్థితి ఘోరమైంది. ఇదివరకు ఆయన దొంగచాటుగానైనా చూసేవాడు. ఇప్పుడు సీలు ఉంది. "నమూనా తుప్పు పట్టకూడదు కదమ్మాయ్, రోజూ సానబెట్టాలి," అని పైకే అంటూ చూసేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ ఒకసారి నవ్వాను. ఆమె నా వైపు చూసింది. ఆ చూపుకి నమూనా అక్కర్లేదు. నాకు సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఆమె బదిలీ దరఖాస్తు రాస్తోంది. పిల్ల పక్కన కూర్చుని ఏడో ఎక్కం చదువుకుంటోంది.

"ఎక్కడికి పోతావే అమ్మాయ్?" అన్నాను.

"ఎక్కడికైనా పోతా బాబాయ్‌గారూ. ఈ సీటు గెలిచింది. నా వల్ల కాదు." దరఖాస్తు మీద సంతకం పెట్టబోయి, కలం మూసి, కనకలింగం లేచి వెళ్ళిపోయిన బల్ల వైపు చూస్తూ కూర్చుంది.

ఆ బల్ల సంగతి చెప్పాలి. లైసెన్సు దరఖాస్తులు దాని మీదకు వెళ్ళడమే గానీ తిరిగి రావడం ఎవరూ ఎరగరు. లారీలు తూచే వేబ్రిడ్జి ఓనరు ఒకడు తన ఫైలు కోసం వచ్చీ వచ్చీ విసిగి, వ్యాపారం మార్చి, ఇప్పుడు అదే ఆవరణలో కోళ్ళు పెంచుతున్నాడు. కింద సొరుగులో పిల్లి ఈనింది కూడా.

"బాబాయ్‌గారూ, ఒక మాట చెప్పండి," అంది హైమావతి నెమ్మదిగా. "ఈ మనిషికి ఉత్తర్వు వేసి అప్పజెప్పిన పని ఏదైనా చెయ్యగా మీరు చూశారా? ఎప్పుడైనా?"

నేను నిజాయితీగా ఆలోచించాను. "లేదే," అన్నాను.

ఆమె దరఖాస్తు నాలుగు ముక్కలు చేసి పిల్లకు పడవలు చేసుకోమని ఇచ్చింది. ఇంకో కాగితం తీసుకుని చకచకా నోట్‌ఫైలు రాసింది. నేను తీసుకుని చదివాను.

ప్రామాణిక చూపును ఇలా ఇష్టం వచ్చినప్పుడు వాడుకోనివ్వడం శాఖ గౌరవానికి తగదట. అది కనకలింగానికి విధిగా అప్పగించాలట. నమూనాను మొదట ఏ పరిస్థితుల్లో గమనించారో ఆ పరిస్థితుల్లోనే భద్రపరచాలి గనక, ఆఫీసు తెరిచింది మొదలు మూసేదాకా ఆయన హైమావతి సీటు వైపే ఎడతెగకుండా చూస్తూ ఉండాలట. ఏ రోజు పని ఆ రోజు జరిగినట్టు ఆమె సంతకం చేయాలట.

"నీకేమైనా మతి పోయిందా? ఇప్పుడు చూస్తున్నది చాలక ఉత్తర్వు ఇప్పించి మరీ చూపించుకుంటావా?"

"మీరు ఫైలు లోపలికి పంపండి బాబాయ్‌గారూ."

భుజంగరావుగారు నోటు చదివి కదిలిపోయారు. ఫిర్యాదుదారులోనే ఇంతటి శాస్త్రీయ దృక్పథం కనుగొనబడుట అరుదని మార్జినులో రాసి సంతకం చేశారు.

ఉత్తర్వు అందుకున్న రోజు కనకలింగం కొత్త చొక్కా వేసుకొచ్చాడు. సెంటు కూడా కొట్టుకున్నాడు. గంట కొట్టగానే గడ్డం కింద చెయ్యి పెట్టి మొదలుపెట్టాడు. హైమావతి ఫైళ్ళ గోడ తీసేసి, తల వంచుకుని తన పని తను చేసుకుంటోంది. ఆమె చెవుల దగ్గర ఎర్రబడటం నాకు కనిపిస్తూనే ఉంది. ఈ అమ్మాయి కొరివితో తల గోక్కుంది కదా అని నాకు ఒకటే బెంగ.

కాసేపటికి టీ వచ్చింది. కనకలింగం చెయ్యి చాపాడు.

"అటు కాదండీ. ఇటు చూడాలి. ఎడతెగకుండా అని ఉంది," అంది హైమావతి, తల ఎత్తకుండానే.

ఆయన చూపు ఇటు ఉంచి, చెయ్యి అటు చాచి, టీ చొక్కా మీద పోసుకున్నాడు. కాసేపు ఓర్చాడు. తరువాత మెడ రుద్దుకున్నాడు. ఆవలించాడు. "అబ్బబ్బ, ఎంతసేపని చూస్తాం," అని గొణిగాడు. భోజనానికి లేచినవాడు మళ్ళీ సీటులో కనిపిస్తే ఒట్టు.

మర్నాడు సెలవు. ఆ తరువాత ఆలస్యంగా వచ్చి పేపరు విప్పాడు. ఉత్తర్వు దూరపు చూపుకా దగ్గరి చూపుకా అని వివరణ కోరుతూ పైకి రాశాడు. వివరణ వచ్చేదాకా చూడనన్నాడు. వచ్చాక, పనిభారం ఎక్కువైంది, ఒక జూనియర్ని ఇస్తే అతను చూస్తాడు, తాను పర్యవేక్షిస్తానన్నాడు. కంటి అలవెన్సు అడిగాడు. కిటికీ దగ్గర నిలబడి రోడ్డు మీద లారీలు చూశాడు. సొరుగులో పిల్లిపిల్లల్ని చూశాడు. ఒక్క హైమావతి వైపు తప్ప లోకమంతా చూశాడు. పొరపాటున అటు కళ్ళు పడితే, ఫైలు గుర్తొచ్చినవాడిలా మొహం మాడ్చుకుని వెంటనే తిప్పేసుకునేవాడు.

ఓ సాయంత్రం సంచీ సర్దుకుంటూ ఆమె బల్ల దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు.

"అమ్మా హైమావతమ్మా, కాస్త చూసినట్టు సంతకం పెట్టేయమ్మా."

ఇన్నాళ్ళలో ఆయన ఆమెను అమ్మా అనడం అదే మొదటిసారి. నేను చెవులు రిక్కించాను.

"చూడందే ఎట్టా పెడతానండీ? రేపు తనిఖీ వాళ్ళు అడిగితే నేనేం చెప్పుకోను?"

"వారం పనంతా రేపు ఒక్కపూటలో చూసేస్తాగా."

"అరియర్సుగా చూట్టానికి రూలు ఒప్పుకోదండీ," అంది ఆమె చాలా వినయంగా.

తనిఖీ రానే వచ్చింది. ప్రామాణిక చూపు ఖ్యాతి విని హెడ్డాఫీసు నుంచి అడిషనల్ కంట్రోలరుగారు స్వయంగా కారు దిగారు. భుజంగరావుగారు దండతో ఎదురెళ్ళి, "నమూనా వీక్షించబడవచ్చు," అంటూ లోపలికి తీసుకొచ్చారు. నమూనా బల్ల మీద తల పెట్టి నిద్రపోతోంది. సీసం సీలు ఊపిరికి ఊగుతోంది.

తాతారావు తట్టి లేపాడు. చూడమన్నారు. కనకలింగం నిద్రకళ్ళతో హైమావతి వైపు చూశాడు. ఆ చూపులో ఏముంది? ఏమీ లేదు. సాయంత్రం ఎప్పుడవుతుందా అని ఎదురుచూసే గుమాస్తా ఉన్నాడంతే. అడిషనల్‌గారు క్యాలెండరు తెప్పించి తగిలించారు. అది ఉన్నచోటే ఉంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది మరి. తాతారావు నా కళ్ళలోకి చూడలేదు.

"నమూనా ప్రమాణానికి తక్కువ తూగుచున్నది," అన్నారు అడిషనల్‌గారు. "ఉత్తర్వు అందిన తరువాత ఈ ఉద్యోగి మీ వైపు చూసియున్నాడా అమ్మా?"

"మొదటి రోజు భోజనం దాకా చూశారండీ. ఆ తర్వాత లేదండీ," అంది హైమావతి.

కనకలింగానికి నిద్ర మత్తు వదిలిపోయింది. "సార్, అన్యాయం సార్. నేను చూడకపోవడమేంటి సార్? ఈవిడ చేరిన దగ్గర్నించి చూస్తున్నా. ఫైళ్ళు అడ్డం పెట్టినా దిండేసుకుని చూశా. గడియారం తీసేసినా చూశా. ఈవిడకు ముందావిడనీ చూశా, ఆ ముందావిడ్నీ చూశా. వాళ్ళు ఎందుకెళ్ళిపోయారో ఈ ఆఫీసులో ఎవర్నైనా అడగండి," అన్నాడు ఏడుపుగొంతుతో.

నేను ఈ మాట కోసమే ఇంతకాలం ఎదురుచూశానేమోననిపించింది. ఇప్పుడైనా వీడికి మూడుతుందనుకున్నాను.

"అదంతా ఉత్తర్వుకు ముందు," అన్నారు అడిషనల్‌గారు చెయ్యి ఊపుతూ. "అది స్వచ్ఛంద సేవ. లెక్కలోకి రాదు. ఉత్తర్వు ఇచ్చాక ఎందుకు చూడలేదన్నదే ప్రశ్న."

ఆ ప్రశ్నకు కనకలింగం దగ్గర జవాబు లేదు. మా శాఖలో ఎవరి దగ్గరా ఉండదు.

పరీక్షలో తప్పిన పరికరాన్ని ఏం చేయాలో మాకు రూలు ఉంది. సీలు పగలగొట్టి, దొంగ తూకపు రాళ్ళు పడేసే గోడౌనుకు పంపాలి. అది జిల్లా చివర, బస్సు కూడా వెళ్ళని చోట ఉంది. తాతారావు కటింగ్ ప్లేయరు తెచ్చి కళ్ళజోడు సీలు తుంచాడు. ఆ చప్పుడుకి సొరుగులో పిల్లి కూడా బయటికొచ్చింది. బదిలీ ఉత్తర్వు నేనే టైపు చేశాను. "తోటి మహిళా ఉద్యోగిని వైపు చూడకుండా ఉండుట ద్వారా విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం వహించినందున" అని. అంత సంతోషంగా నేను ఏ ఉత్తర్వూ టైపు చేయలేదు. రెండు కార్బన్ కాపీలు ఎక్కువ తీశాను.

ప్రామాణిక చూపు పోస్టు ఖాళీ పడింది. ఆసక్తి గల పురుష ఉద్యోగులు దరఖాస్తు చేసుకోవచ్చని నోటీసు పెట్టారు. ఇంతవరకు ఒక్కటీ రాలేదు. పైగా ఆఫీసులో మగవాళ్ళు ఇప్పుడు ఎవరి వైపైనా కాస్త ఎక్కువసేపు చూడాలంటే హడలిపోతున్నారు. ప్రతిభ బయటపడితే పని అంటగడతారని భయం.

కనకలింగం వెళ్ళిన మర్నాడు మధ్యాహ్నం హైమావతి స్టోరు గదికి వెళ్ళలేదు. గడియారం తెచ్చి పాతచోటే తగిలించి, తన బల్ల మీదే కాగితం పరిచి, క్యారేజీ విప్పింది. ముద్దపప్పు, దోసకాయ పచ్చడి, అంచుకు వడియాలు. తీరిగ్గా కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆ సీటులో ఒక ఆడమనిషి అన్నం తినడం ఇన్నేళ్ళ సర్వీసులో నేను ఎరగను. నాకు కడుపు నిండిపోయి, అలాగే చూస్తూ ఉండిపోయాను.

ఆమె కళ్ళు తెరిచి, వడియం కొరికింది.

"ఏంటి బాబాయ్‌గారూ? పోస్టు ఖాళీగానే ఉంది. మీ పేరు రాయమంటారా?"

నేను గబుక్కున తల నా క్యారేజీలోకి దించుకున్నాను.